పిల్లల కోసం చిన్న ఆటల జట్టు పెట్టాలనుకుంటున్నాం: ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న – మియాపూర్ నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా బాబుకు ఏడేళ్లు నిండాయి, రెండో తరగతి చదువుతున్నాడు. చదువులో ఏ ఇబ్బందీ లేదు. తెలుగు, ఇంగ్లీషు రెండూ తడుముకోకుండా చదువుతాడు, ఇంట్లో మాతో గంటల తరబడి కబుర్లు చెబుతాడు. కానీ సాయంత్రం కిందికి తీసుకువెళితే, మిగిలిన పిల్లలందరూ ఆడుకుంటూ ఉంటే తను మాత్రం ఉయ్యాల స్తంభం పట్టుకుని చూస్తూ నిలబడతాడు. ఎవరైనా "నువ్వూ రా" అంటే నా వెనక్కి వచ్చేస్తాడు. ఎప్పుడైనా ఆటలో చేరి ఓడిపోతే, బంతి తీసుకుని ఇంటికి వచ్చి రాత్రి అన్నం తినే దాకా ఏడుస్తాడు. వాడికి రెండు, మూడేళ్ల వయసు కరోనా రోజుల్లోనే గడిచింది. కారణం అదొక్కటే అని నేను అనుకోవడం లేదు. తోబుట్టువులు లేరు, మేమిద్దరం ఉద్యోగాలకు వెళతాం, అమ్మమ్మా తాతయ్యా నెల్లూరులో ఉంటారు.

మా బ్లాకులో మరో ముగ్గురు తల్లులతో మాట్లాడి, ప్రతి శనివారం సాయంత్రం ఐదు గంటలకు పిల్లలను ఒక చోట చేర్చాలని అనుకుంటున్నాను. ఎంతమంది ఉంటే మంచిది, ఒకే వయసు వాళ్లు ఉండాలా, తల్లులు అక్కడే కూర్చోవాలా, పిల్లలు కొట్టుకుంటే ఏం చేయాలి అన్న సందేహాలు సహజంగానే ఉన్నాయి. వీటికన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నవి రెండు విషయాలు.

ఈ తల్లుల్లో ఒకరి బాబుకు ఆరేళ్లు, మాటలు ఆలస్యంగా వచ్చాయి. ఆవిడ నన్ను పక్కకు పిలిచి, "మావాడిని కూడా తీసుకురావచ్చా? ఇబ్బంది పెడితే వెంటనే తీసుకెళ్లిపోతాను" అని అడిగారు. ఒక తల్లి అలా అడగవలసి వచ్చినందుకు నాకు చాలా బాధ వేసింది. రెండోది, మా వాచ్‌మన్ గారి అమ్మాయి సంగతి. ఆ అమ్మాయికి ఎనిమిదేళ్లు. మా బాబు బయట ఎవరితోనైనా నోరు విప్పి మాట్లాడతాడంటే ఆ పాపతోనే. తనను కూడా పిలుద్దామని నేనంటే ఒకరు "తర్వాత చూద్దాం" అన్నారు, మిగిలినవారు మాట్లాడలేదు. మొదలు కాకముందే జట్టు విడిపోవడం నాకు ఇష్టం లేదు, ఆ పాపను వదిలేయడం అంతకన్నా ఇష్టం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు – విశాఖపట్నం నుంచి ఒక తండ్రి

మా కాలనీలో రెండేళ్లుగా ఇటువంటి జట్టు నడుపుతున్నాం కాబట్టి, ముందుగా మేం చేసిన తప్పు చెబుతాను. మొదటిసారి పదకొండు మంది పిల్లలతో, రంగు కాగితాలతో, వారం వారం ఏం చేయించాలో రాసుకున్న పట్టికతో మొదలుపెట్టాం. నాలుగో వారానికే ఆగిపోయింది. ఆకాశదీపాలు చేయించిన రోజున కత్తిరించడం, అతికించడం అంతా తల్లుల చేతులే చేశాయి, పిల్లలు గదంతా పరుగెత్తారు. ఆ రాత్రి వాట్సాప్‌లో ఫోటోలు పెట్టడంతో ఎవరి దీపం బాగుందన్న పోలిక మొదలైంది. పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి పెట్టుకున్న గంటలో పెద్దల మధ్య పోటీ తప్ప మరేమీ మిగలలేదు.

రెండోసారి ఐదుగురితో మొదలుపెట్టి ఆరుగురి దగ్గర ఆపేశాం. ముగ్గురే ఉంటే ఇద్దరు జత కలిసి మూడోవారిని వదిలేస్తారు. పదిమంది ఉంటే బిడియపడే పిల్లవాడు గుంపు చాటున దాక్కుని గంట గడిపేస్తాడు. ఐదారుగురిలో దాక్కోవడానికి చోటుండదు, అలాగని అందరి కళ్లూ తన మీదే ఉన్నాయన్న భయమూ ఉండదు. ప్రతి వారం అదే పిల్లలు, అదే చోటు, అదే సమయం ఉండాలి. బిడియం ఉన్న పిల్లవాడికి మొదటి రెండు, మూడు వారాలు చూడటానికే సరిపోతాయి. వారానికో కొత్త ముఖం వస్తూ ఉంటే వాడికి ఆ మొదటి వారమే ఎప్పటికీ పూర్తి కాదు.

మాది గంటంపావు కార్యక్రమం. వచ్చిన వెంటనే నేల మీద చెక్క దిమ్మలో, బంకమన్నో ఉంటుంది, ఎవరికి తోచింది వారు చేసుకుంటారు. తర్వాత ఒక ఆట. ఆపైన ఒక్కరే చేయలేని పని ఒకటి ఉంటుంది, మా అనుభవంలో అసలైన ఫలితం దాని నుంచే వచ్చింది. ఉదాహరణకు ముంత కింద పప్పు కలపడం. ఉల్లిపాయలు పెద్దవాళ్లు తరిగి ఇస్తారు. మరమరాలు కొలవడం, నిమ్మకాయ పిండడం, కలపడం, కాగితంతో పొట్లాలు చుట్టడం అన్నీ పిల్లలవే. గిన్నె ఒకటే, గరిటె కూడా కావాలనే ఒకటే ఉంచుతాం.

ఒకరోజు ఇద్దరు మగపిల్లలు ఆ గరిటెను చెరొక కొన పట్టుకుని లాగుతున్నారు, గిన్నె అంచు దాకా జరిగింది. నా చెయ్యి ముందుకు వెళ్లింది. పక్కనున్న ఒక తల్లి నా మోచేతిని తాకి ఆపారు. నిమిషం కూడా గడవకముందే, పొట్లాలు చుడుతున్న ఒక పాప తల ఎత్తి, "నువ్వు పదిసార్లు కలుపు, తర్వాత వాడు పదిసార్లు" అని తనే గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆ గరిటె నేను తీసుకుని ఉంటే ఆ లెక్క పుట్టేదే కాదు. అందుకే మీరు అడిగిన కొట్లాటల గురించి నా అభిప్రాయం ఇది: వస్తువు కోసం జరిగే తగువును కాసేపు జరగనివ్వండి. చెయ్యి లేచినా, కొరికినా, ముగ్గురు కలిసి ఒకరి మీద పడినా, ఒకరి రంగునో ఒంటినో మాటతీరునో వెక్కిరించినా ఒక్క క్షణం కూడా ఆగకుండా మధ్యలోకి వెళ్లండి. విడదీసిన తర్వాత విచారణ పెట్టి, బలవంతంగా సారీ చెప్పించవద్దు. కొట్టిన పిల్లవాడిని మంచినీళ్లు తెచ్చి ఇమ్మనడం, పడిపోయిన దిమ్మలను కలిసి ఏరించడం మాకు మేలైన దారిగా కనిపించింది.

పెద్దలు ఎప్పుడూ ఇద్దరు ఉండాలి, ఒక్కరే ఉండకూడదు, గది తలుపు తెరిచే ఉండాలి. ఇది నమ్మకం లేక పెట్టిన నియమం కాదు, అందరి పిల్లలకూ రక్షణ. ఎవరికి ఏ తిండి పడదో, ముఖ్యంగా వేరుశనగ విషయం, ముందే అడగండి. ఫోటోలు తీయకండి. మీరు మొదటి రెండు వారాలు మీ బాబుకు కనిపించే చోట కూర్చుని, ఆ తర్వాత గుమ్మం దగ్గరికి, ఆపైన పక్క గదిలోకి జరగండి. చెప్పకుండా మాయం కావద్దు, "పక్క గదిలో ఉంటాను" అని చెప్పి వెళ్లండి.

జవాబు – రాజమహేంద్రవరం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు

అమ్మా, స్తంభం పట్టుకుని నిలబడిన పిల్లవాడు ఊరికే ఉన్నాడని అనుకోవద్దు. మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు పసిపిల్లల బడిలో ఆటలను గమనించి 1932లో ప్రచురించిన వర్గీకరణలో, ఇతరుల ఆటను చూస్తూ ఉండటాన్ని కూడా ఒక విధంగా చేర్చారు. ఒంటరిగా ఆడటం, పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వారు ఆడటం, కలగలిసి ఆడటం, ఒకే లక్ష్యంతో జట్టుగా ఆడటం అందులో మరికొన్ని విధాలు. ఏడేళ్ల వయసుకు జట్టు ఆటలోకి వచ్చి ఉండాలన్న మాట నిజమే. అయినా లోపలికి వెళ్లే దారి ఎవరికైనా చూడటంతోనే మొదలవుతుంది.

ఈ సంగతి మన ఊళ్లలో పిల్లలకే తెలుసు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు "ఆటలో అరటిపండు". చిన్నవాడో, ఆట రానివాడో వస్తే వాడిని తరిమెయ్యరు, అరటిపండుగా ఉంచుకుంటారు. వాడు అందరితో పరుగెత్తుతాడు, దాక్కుంటాడు, దొరికినా దొంగ కాడు. ఓటమి అవమానం తన మీద పడకుండానే ఆట నియమాలు వాడి ఒంటికి అలవాటవుతాయి. ముప్ఫై నాలుగేళ్లు ప్రాథమిక పాఠశాలలో పనిచేసిన నాకు ఇంతకన్నా దయగల పద్ధతి కనిపించలేదు. అయితే ఏడేళ్లవాడిని అందరి ముందూ ఆ పేరుతో పిలిస్తే చిన్నబుచ్చుకుంటాడు కనుక, ఒక పని ఇవ్వండి. పంటలు వేయించడం, సుద్దముక్కతో లెక్క రాయడం, ఏడు పెంకులాటలో పెంకులు అందించడం వంటివి. రెండు వారాలు ఆ పని చేసినవాడు మూడో వారం తనే బంతి అడుగుతాడు.

ఓడితే ఏడుస్తాడన్నారు. ఒక్క ఓటమితో ముగిసిపోయే ఆటలు మొదట్లో వద్దు. కుర్చీల ఆట అసలే వద్దు, ఎందుకంటే ఆడటం ఎవరికి ఎక్కువ అవసరమో ఆ పిల్లవాడినే అది ముందుగా బయట కూర్చోబెడుతుంది. అష్టాచెమ్మా ఆడించండి. అందులో కాయ చస్తుంది, మళ్లీ ఇంటి నుంచి బయలుదేరుతుంది, తనూ ఎదుటివాడి కాయను చంపుతాడు. ఒక గంటలో చిన్న చిన్న ఓటములు పది చవిచూస్తాడు, ఒక్కటీ ఆఖరిది కాదు.

ఇంకొక మాట చెప్పాలి, ఇది నాకు చాలా ముఖ్యమైనది. ఈ మధ్య పిల్లలకు భావాలు నేర్పించాలంటే నవ్వు ముఖం, ఏడుపు ముఖం, కోపం ముఖం ఉన్న పటాలు గోడకు అంటిస్తున్నారు. మంచిదే. కానీ మన భాషలో ఉన్న మాటలు అంతకన్నా సూక్ష్మమైనవి, వాటిని మనం పిల్లల ముందు వాడటం మానేశాం. అలక వేరు, కోపం వేరు. అలిగినవాడు ఎవరో ఒకరు వచ్చి బతిమాలాలని కోరుకుంటాడు, కోపం వచ్చినవాడు దగ్గరికి రావద్దంటాడు. బెంగ వేరు, దిగులు వేరు. బెంగ ఎప్పుడూ ఒక మనిషి కోసమో, ఇంటి కోసమో ఉంటుంది. మీ బాబు బంతి పట్టుకుని ఇంటికి వచ్చినప్పటి స్థితి కోపమూ కాదు, ఏడుపూ కాదు. దాని పేరు ఉక్రోషం: చేతకానప్పుడు కోపమూ కన్నీళ్లూ కలిసి పొంగుకు రావడం. "ఏడవకు" అనే బదులు "నీకు ఉక్రోషం వచ్చింది, నాకూ చిన్నప్పుడు వచ్చేది" అని చెప్పి చూడండి. తనకు జరుగుతున్నదానికి ఒక పేరుందని, అది అందరికీ వచ్చేదేనని తెలిసిన పిల్లవాడు దాని నుంచి త్వరగా తేరుకుంటాడు. తరగతిలో దీన్ని నేను ఎన్నోసార్లు కళ్లారా చూశాను.

వయసులు కలిసి ఉండటం మంచిదే. ఐదు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లు ఒక జట్టులో ఉంటే చిన్నవాళ్లు చూసి నేర్చుకుంటారు, పెద్దవాళ్లు ఓర్పు నేర్చుకుంటారు. పెద్దలు పూనుకుని పిల్లలను ఇలా చేర్చడం మన దగ్గర కొత్త సంగతి కాదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, రేడియో అక్కయ్య కామేశ్వరి గారు 1940లోనే బాలానంద సంఘం స్థాపించారు.

వాచ్‌మన్ గారి అమ్మాయిని తప్పకుండా పిలవండి. మీ బాబుకు ఇప్పటికే స్నేహమున్న ఒక్క మనిషిని బయట ఉంచి, వాడికి స్నేహాలు నేర్పాలనుకోవడం ఎలా కుదురుతుంది? ఒక్క జాగ్రత్త: ఆ పాపను మిగిలిన పిల్లలను చూసుకునే ఆయాగా మార్చవద్దు. మంచినీళ్లు తేవడం, గది ఊడవడం ఆ పాపకు అప్పజెప్పారంటే పిలవకపోవడమే నయం. మిగిలిన పిల్లల తల్లులతో ఎలా మాట్లాడారో, ఆ పాప తల్లితోనూ అలాగే వెళ్లి మాట్లాడి పిలవండి.

జవాబు – హనుమకొండ నుంచి ఒక తల్లి

"ఇబ్బంది పెడితే తీసుకెళ్లిపోతాను" అన్న మాట నేను ఎన్ని ఇళ్ల గుమ్మాల దగ్గర అన్నానో లెక్కలేదు. మా పాపకు తొమ్మిదేళ్లు, నాలుగో ఏట ఆటిజం అని నిర్ధారణ అయింది. ఆ తల్లికి మీరు ఇవ్వగలిగిన మంచి జవాబు "పర్వాలేదు, తీసుకురండి" కాదు. "మీ బాబు వస్తే మేం ఏం సిద్ధం చేసుకోవాలి?" అని అడగండి. ఏ శబ్దం పడదు, అలసిపోయినప్పుడు ఏం చేస్తాడు, వద్దు అని ఎలా చెబుతాడు, ఏది ఇష్టం అన్న నాలుగు విషయాలు తెలిస్తే చాలు. ఒక మూల దుప్పటి పరిచి, కాసేపు ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చని పిల్లలందరికీ చెప్పండి. అది ఆ బాబు ఒక్కడి కోసమే అన్నట్టు చేయవద్దు. ఆ రోజు ఏం జరుగుతుందో వరుసగా నాలుగు బొమ్మలు గీసి గోడకు అంటిస్తే, మా పాప వంటి పిల్లలకు సగం భయం తగ్గుతుంది.

మిగిలిన పిల్లలకు "పాపం, వాడికి సాయం చేయండి" అని చెప్పకండి. ఎప్పుడూ సాయం అందుకునేవాడితో ఎవరూ సమానంగా స్నేహం చేయరు. వాడు బాగా చేయగల పని ఒకటి వెతకండి. మా పాప రంగుల ప్రకారం కార్డులు సర్దడంలో అందరికన్నా వేగం, ఆ ఆట ఉన్న రోజున పిల్లలే తనను ముందు పిలుస్తారు.

అయితే ఆటల జట్టు వైద్యానికీ, స్పీచ్ థెరపీకీ బదులు కాదు. ఆ బాబును ఇంతవరకు ఎవరికీ చూపించకపోతే, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పరీక్షలు జరుగుతాయి, ఆ పైన జిల్లా స్థాయి కేంద్రానికి పంపుతారు. మీకు దగ్గరలో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ ఉంది. ఇవి ఆవిడ అడిగినప్పుడే చెప్పండి. అడగకుండా చెప్పినవారి ఇంటికి నేను మళ్లీ వెళ్లలేదు.

మీ బాబు గురించి కూడా ఒక మాట అడుగుతాను, కంగారు పడవద్దు. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లవాడు బడిలో టీచరుతో గానీ తోటివారితో గానీ నెలల తరబడి అసలు పెదవే విప్పకుండా ఉంటే, అది బిడియం మాత్రమే కాకపోవచ్చు. దాన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారు, పిల్లల మనస్తత్వ నిపుణులకు చూపించాలి. వాచ్‌మన్ గారి పాపతో మాట్లాడతాడంటున్నారు కనుక మీ విషయంలో అలా కాకపోవచ్చు. అయినా బడిలో ఎలా ఉంటున్నాడో టీచరును ఒకసారి అడగండి.

జవాబు – బెంగళూరు నుంచి ఒక తెలుగు తండ్రి

పై జవాబులన్నీ విలువైనవే, కానీ నా అనుభవం కొంత భిన్నమైనది. మా అపార్ట్‌మెంట్‌లో ఇలాగే మొదలైన జట్టు ఆరు నెలలకు మరో ట్యూషన్‌గా మారింది. నెలకు ఫీజు, నేర్పడానికి ఒక మనిషి, చివరికి సర్టిఫికెట్లు. మా అమ్మాయి "ఈ రోజు కూడా వెళ్లాలా?" అని అడిగిన రోజున మానిపించాను. వారానికి గంటంపావు ఎంత బాగా జరిపినా, రోజూ సాయంత్రం పెద్దల కన్ను పడకుండా ఆడుకునే ఆటకు అది సాటి రాదు. వీలైతే అంత ఏర్పాటు లేకుండా, ఒక సుద్దముక్క ఇచ్చి తొక్కుడుబిళ్ల గీసుకోమని వదిలేయండి.

జవాబు – విశాఖపట్నం నుంచి ఒక తండ్రి

బెంగళూరు మిత్రులు చెప్పిన ప్రమాదం నిజమైనదే, ఫీజు మొదలైన రోజున ఆట ముగిసినట్టే. కానీ మా కాలనీలో పిల్లలు ఆడుకునే జాగా కార్ల పార్కింగుకు పోయింది, ఎవరి పిల్లలను వారు తలుపు వేసి ఉంచుకుంటున్నారు. ఎవరో ఒకరు పూనుకుని పిలవకపోతే పిల్లలకు ఒకరి పేరు ఒకరికి తెలిసే దారే లేదు. మా జట్టు పిల్లలు ఇప్పుడు మంగళవారాలు, గురువారాలు మమ్మల్ని అడగకుండానే మెట్ల దగ్గర చేరుతున్నారు. అక్కడికి మేం వెళ్లం.

ప్రశ్న అడిగిన తల్లి – ఐదు వారాల తర్వాత

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఆరుగురు పిల్లలతో జట్టు నడుస్తోంది. గేటు పక్క గదికి వెళ్లి వాచ్‌మన్ గారి భార్యను అడిగాను. ఆవిడ మొదట అన్న మాట "ఏం తేవాలమ్మా?" అని. ఏమీ వద్దని చెప్పబోయి ఆగాను, ఎందుకంటే ప్రతి ఇంటి నుంచీ ఏదో ఒకటి తెమ్మని చెప్పి ఉన్నాం. "గుప్పెడు చింతపిక్కలు" అన్నాను. ఇప్పుడు మా అష్టాచెమ్మాకు అవే పందేలు, ఒక వైపు అరగదీసి ఇచ్చింది ఆ పాపే. "తర్వాత చూద్దాం" అన్నవారు మొదటి రెండు వారాలు రాలేదు. మూడో వారం ఏమీ మాట్లాడకుండా వాళ్ల అమ్మాయిని తీసుకువచ్చి కూర్చోబెట్టారు, నేనూ ఏమీ అడగలేదు.

మాటలు ఆలస్యమైన బాబుకు ఏడు పెంకులాటలో పెంకులు పేర్చడం చాలా ఇష్టమైంది. మొదటిసారి ఎవరో బంతి వేసి పడగొట్టినప్పుడు చెవులు మూసుకుని దుప్పటి మూలకు వెళ్లిపోయాడు. తర్వాతి వారం పిల్లలే ఒక పద్ధతి కనిపెట్టారు: వాడు చెయ్యి ఎత్తాకే బంతి వేయాలి. ఇప్పుడు చాలాసేపు చెయ్యి ఎత్తకుండా అందరినీ ఆపి ఉంచి నవ్వుతాడు. వాళ్ల అమ్మ ఆ నవ్వు వినడానికి పక్క గది నుంచి గుమ్మం దాకా వస్తారు.

మా బాబు మొదటి వారం తలుపు దగ్గరే నిలబడ్డాడు, రెండు వారాలు సుద్దముక్కతో లెక్క రాశాడు. టీచరును అడిగాను, బడిలో పక్కనున్న అబ్బాయితో మాట్లాడతాడట. నిన్న అష్టాచెమ్మాలో వాడి కాయ ఇంకో గడి దాటితే పండేది, అప్పుడే చచ్చింది. లేచి వెళ్లి కర్టెన్ పట్టుకుని నిలబడ్డాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను, కదలలేదు. అటు తిరిగే, "నాకు ఉక్రోషంగా ఉంది" అన్నాడు. వాచ్‌మన్ గారి పాప పిక్కలు చేతిలో గలగలలాడిస్తూ, "సరే, అయ్యాక రా. నీ పందెం ఉంచుతాం" అంది. రెండు వరసలు గడిచాక వచ్చి కూర్చున్నాడు.

ఒంటిపూట బడులు మొదలైతే ఎండకు ఐదు గంటలకు కింద ఆడటం కష్టం కనుక, ఆరింటికి మార్చుకుందామని అనుకుంటున్నాం. వేసవిలో జట్టు నడిపినవారు సమయం ఎలా కుదుర్చుకున్నారో, సెలవులకు సగం మంది ఊళ్లకు వెళ్లినప్పుడు మిగిలిన పిల్లలతో ఏం చేశారో చెప్పగలరు.